డేరాలతో కాశీ దాకా: మన ఆదిలాబాద్ బాటలో ఏనుగుల వీరాస్వామయ్య



వేసవి సెలవులు వచ్చేశాయి. పరీక్షలు రాసిన పిల్లలు ఇంట్లో ఉన్నారు. పెద్ద పిల్లలున్న ఇళ్ళలో ఇప్పుడు ఒకే మాట నడుస్తుంటుంది: బండి మీద ఎటైనా వెళ్ళొస్తాం అని. కరీంనగర్ నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే గోదావరి, నిర్మల్, మహబూబ్ ఘాట్, ఇచ్చోడ, ఆదిలాబాద్. వెనక సీటుకు డేరా కట్టుకుని, రాత్రి ఎక్కడో చెట్ల మధ్య ఉండి రావాలని ఇంటర్, డిగ్రీ చదివే అన్నలు అంటుంటే, మన తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. మీరు ఎండ అంటారు, గాలివాన అంటారు, లారీలు అంటారు. మీ భయం న్యాయమే. వాళ్ళ కోరిక కూడా న్యాయమే.

ఈ నెల మీకు పరిచయం చేయబోయే పెద్దమనిషి దాదాపు 200 ఏళ్ళ క్రితం ఈ దారినే వెళ్ళాడు. ఆయన కూడా ఉద్యోగానికి సెలవు పెట్టే బయలుదేరాడు, అదీ నడివేసవిలో. డేరాలు వెంట తీసుకెళ్ళాడు. ఎండలో మొదలైన ప్రయాణం మన ప్రాంతానికి వచ్చేసరికి వానల్లో పడింది. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. తెలుగులో అచ్చయిన తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర ఆయనదే.

ఇంగ్లీషుతో ఎదిగిన పిల్లవాడు

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో మద్రాసులో పుట్టారు. అది ఈస్టిండియా కంపెనీ పాలన వేళ్ళూనుకుంటున్న కాలం. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఇంటికి ఆధారం లేని పిల్లవాడికి ఆ ఊళ్ళో ఒకే ఒక దారి కనిపించింది: ఇంగ్లీషు నేర్చుకోవడం. కంపెనీ దొరలకు దేశభాషలు రావు, దేశస్థులకు ఇంగ్లీషు రాదు. ఈ రెండింటి మధ్య నిలబడి మాట అందించే మనిషిని దుబాసి అనేవారు, అంటే రెండు భాషలవాడు.

ఇప్పట్లా స్కూళ్ళు, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు లేవు. అయినా పన్నెండేళ్ళకే ఆ పిల్లవాడు ఇంగ్లీషు బాగా చదవగలిగేవాడు. ఆ వయసులోనే కంపెనీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా చేరి పని నేర్చుకున్నాడు. మన ఏడో తరగతి పిల్లల వయసది. ఆ తర్వాత ప్రభుత్వ కచేరీల్లో, వర్తకుల దగ్గర లెక్కలు చూసే పనుల్లో అనుభవం సంపాదించి, చివరికి మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్ పదవికి చేరుకున్నారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఆయనకు నిత్యం పనికొచ్చే భాషలు. సంస్కృత శాస్త్రాలంటే ఆసక్తి.

కోర్టులో ఇంటర్‌ప్రెటర్ పని ఎంత బరువైనదో ఒక్క నిమిషం ఊహించండి. బోనులో నిలబడ్డ మనిషి తన భాషలో ఏదో చెబుతాడు. తీర్పు చెప్పే జడ్జికి ఆ భాష రాదు. మధ్యలో ఉన్నవాడు ఒక్క మాట అటూ ఇటూ చేసినా ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరికి శిక్ష పడవచ్చు. విన్నది విన్నట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ ఉద్యోగం. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని ఆయన చూపుకు కూడా అలవాటైంది. తర్వాత ఆయన రాసిన ప్రయాణ విశేషాలు చదివితే అది మనకు తెలిసిపోతుంది.

ప్రయాణానికి ముందు

యాభై ఏళ్ళ వయసులో ఆయన కాశీకి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనే మాట ఊరికే పుట్టలేదు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి, ఠాణా మధ్య నడిచింది. తారు రోడ్లు లేవు, పెద్ద నదుల మీద వంతెనలు దాదాపు లేవు. దారిలో దొంగల భయం, వాంతిభేదుల భయం. కోర్టు నుంచి దీర్ఘకాలం సెలవు తీసుకుని ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి కదిలారు.

ఒంటరిగా కాదు. ఇంటివారు, బంధువులు, నౌకర్లు, బోయీలు, బంట్రోతులు అంతా కలిపి దాదాపు వంద మంది. అందులో ఇంటి ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పల్లకీలు, డేరాలు, వంట సామాను. వంద మందికి రోజూ నీళ్ళు కావాలి, బియ్యం కావాలి, కట్టెలు కావాలి, రాత్రికి పడుకునే చోటు కావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మర్నాటి నడక ఆగిపోతుంది. మన పిల్లలు బండి ఎక్కేముందు ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటారు. ఆయనకు మ్యాప్ బదులు ముందు ఊరివాళ్ళు చెప్పే మాటే ఆధారం. తర్వాతి మజిలీ ఎంత దూరం, అక్కడ బావి ఉందా, చెరువు ఉందా, దుకాణాలున్నాయా, డేరా వేయడానికి తోపు ఉందా అని అడిగి తెలుసుకుంటూ ముందుకు సాగాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం వీరాస్వామయ్య గారి యాత్ర అంటాం. కానీ ఆయన పల్లకీలో కూర్చుంటే ఆ పల్లకీని భుజాల మీద మోసింది బోయీలు. ఎండలో కాళ్ళు కాలినది వాళ్ళకి, వాగుల్లో నడుము లోతు నీళ్ళలో దిగింది వాళ్ళు. ఈ సంగతి పిల్లలకు చెబితేనే కథ పూర్తవుతుంది. ఏ పెద్ద పనిలోనైనా పుస్తకంలో పేరు ఎక్కని చేతులు చాలా ఉంటాయి.

తిరుపతి, కడప, అహోబిలం చూసుకుని, నల్లమల అడవి దాటి శ్రీశైలం ఎక్కి, అక్కడి నుంచి వాళ్ళు హైదరాబాదు చేరారు. రాయలసీమ మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోపు మజిలీ చేరడమే బాటసారుల పద్ధతి. హైదరాబాదును అప్పుడు నాలుగో నిజాం నాసిరుద్దౌలా పాలిస్తున్నాడు, చందూలాల్ వ్యవహారాలు నడుపుతున్నాడు. ఆ నగరాన్ని తీరిగ్గా చూసి, విశేషాలు రాసుకుని, వీరాస్వామయ్య బృందం ఉత్తరానికి తిరిగింది.

మన దారిలో, మన వానలో

హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే బాట అప్పటికే ముఖ్యమైనది. సికింద్రాబాదులో కంపెనీ సైన్యం ఉంది, నాగపూరు దగ్గర కామ్టీలో మరో కంటోన్మెంటు ఉంది. రెండింటి మధ్య సిపాయిలు, టపా, వర్తకుల ఎద్దులు నడిచే దారి అది. ఇప్పటి 44వ నంబరు రహదారి చాలావరకు ఆ పాత బాట దిక్కునే పోతుంది. కరీంనగర్ ఊరు ఆయన దారికి కుడివైపున ఉండిపోయింది. మనం ఆర్మూర్ దగ్గర కలిసే రోడ్డు దిక్కునే ఆయన గోదావరి వైపు సాగారు.

గోదావరి దాటడం ఇప్పుడు మనకు ఒక్క నిమిషం పని. సోన్ దగ్గర వంతెన ఎక్కుతాం, కిటికీలోంచి చిల్లర నాణెం విసిరి దండం పెట్టుకునేలోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఆనకట్ట నీటిని ఆపుతుంది కాబట్టి, గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప నది మామూలుగా శాంతంగానే ఉంటుంది. 1830లో వంతెన లేదు, ఆనకట్ట లేదు. వానాకాలంలో నది ఎంత వస్తే అంత. వంద మందిని, సామానును పడవల్లో విడతలు విడతలుగా దాటించాలి. పై నుంచి వరద వస్తే ఒడ్డున కూర్చుని ఎదురుచూడాలి. తొందరపడటానికి వీల్లేదు.

నది దాటితే నిర్మల్. కోటలు, చెరువులు, కొయ్య బొమ్మలకు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి కొండలు మొదలవుతాయి. ఇప్పుడు మనం మహబూబ్ ఘాట్ అని పిలిచే మెలికల దారి ఆ పేరుతో అప్పటికి లేదు. ఆ పేరు తర్వాతి నిజాం కాలం నాటిది. కానీ కొండ అదే, టేకు అడవి అదే. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. కారులో గంటన్నర. రోజుకు పది, పన్నెండు మైళ్ళ నడక అనుకుంటే వాళ్ళకు నాలుగైదు రోజులు. అంటే నాలుగైదు రాత్రులు అడవి మధ్య డేరాల్లో. ఆదిలాబాదును అప్పట్లో ఎదులాబాదు అనేవారు.

మన జిల్లాల వాతావరణం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మే నెలలో ఆదిలాబాదులో 45 డిగ్రీలు కొత్త కాదు. అదే మే నెలలో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి, ఈదురుగాలితో రాళ్ళవాన పడి మామిడికాయలన్నీ రాలిపోవడం కూడా కొత్త కాదు. జూన్ మధ్యలో రుతుపవనం దిగితే ఒక్కోసారి వారం రోజులు ముసురు వదలదు. నిన్నటిదాకా ఇసుకతో ఎండిన వాగు, ఎక్కడో పైన పడ్డ వానకు గంటలో నిండిపోతుంది. మనకు వాన పడకపోయినా వాగు వస్తుంది. కడెం వాగు ఒడ్డు పల్లెల్లో పెరిగినవారికి ఇది బాగా తెలుసు.

దీనికి తోడు నల్లరేగడి నేల. ఎండలో అది అరచేయి పట్టేంత బీటలు వారుతుంది. తడిస్తే బంక అవుతుంది. నడిచేవాడి కాలికి అడుగడుక్కీ మట్టి పట్టుకుంటుంది, బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది, పల్లకీ మోసేవాడి కాలు జారితే లోపలి మనిషీ కింద పడతాడు. అలాంటి నేలలో డేరా వేయాలంటే ముందు నేలను చూడాలి. పల్లంలో వేస్తే రాత్రి నీళ్ళు లోపలికి వస్తాయి. వాగు పక్కన వేస్తే ప్రాణానికే ముప్పు. గుంజ గట్టిగా దిగని చోట వేస్తే గాలికి డేరా లేచిపోతుంది. తడిసిన డేరా గుడ్డ బరువెక్కుతుంది, దాన్ని మర్నాడు మోసే ఎద్దుకు ఆ బరువంతా అదనం. తడిసిన కట్టెలతో వంద మందికి వంట ఎలా అవుతుందో వంటింట్లో ఉన్నవారికి చెప్పక్కర్లేదు.

ఇంత ఇబ్బందిలో కూడా ఆయన చేసిన పని ఒకటుంది. రాసుకోవడం. మజిలీ పేరు, వెనకటి మజిలీ నుంచి దూరం, దారి ఎలా ఉంది, ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయి, దుకాణాల్లో ఏం దొరుకుతాయి, నీటి వసతి ఎలాంటిది, దిగడానికి సత్రమో తోపో ఏదైనా ఉందా, జనం ఏ మాట మాట్లాడతారు, సుంకాలు ఎలా వసూలు చేస్తారు. కోర్టులో సాక్షి మాటను విన్నది విన్నట్టు అందించిన మనిషి, దారిని కూడా చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టారు. తన వెనక వచ్చే యాత్రికుడికి ఇది పనికొస్తుందనే ఆలోచన అందులో కనిపిస్తుంది. పుణ్యం తనకు, సమాచారం అందరికీ.

ఆదిలాబాదు దాటి పెన్‌గంగ అవతలికి వెళితే ఈ రోజు మహారాష్ట్ర. అప్పుడు నాగపూరు భోంస్లేల రాజ్యం ఆ వైపునే ఉండేది. తెలుగు సన్నబడి మరాఠీ చిక్కబడే ఆ సరిహద్దు మన ఆదిలాబాదు తల్లిదండ్రులకు కొత్తది కాదు. చాలామంది ఇళ్ళలో ఈ రోజుకీ రెండు భాషలూ వినిపిస్తాయి. పక్కనే గోండి, కొలామి కూడా.

కాశీ, కలకత్తా, మళ్ళీ ఇల్లు

మిగిలిన ప్రయాణాన్ని త్వరగా చెబుతాను. నాగపూరు, జబల్‌పూరు మీదుగా వాళ్ళు ప్రయాగ చేరారు. జబల్‌పూరు ప్రాంతంలో అప్పుడు థగ్గుల భయం ఎక్కువ. బాటసారులతో స్నేహం చేసి గొంతుకు రుమాలు బిగించే ఆ ముఠాలను కంపెనీ అధికారి స్లీమన్ అణచడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏళ్ళలోనే. గుంపుగా ప్రయాణించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది. కాశీలో, గయలో చేయవలసినవి చేసి, గంగ మీద పడవ ప్రయాణం చేసి, కలకత్తా చూసి, పూరీ జగన్నాథుణ్ణి దర్శించుకుని, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా తూర్పు తీరం వెంట దక్షిణానికి వచ్చారు. 1831 సెప్టెంబరు 3న మద్రాసులో ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. ఒక పూర్తి ఎండాకాలం, రెండు వానాకాలాలు, ఒక చలికాలం డేరాల్లో, సత్రాల్లో, పడవల్లో గడిచాయి.

ఇన్ని నెలలూ ఆయన తన విశేషాలను మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశారు. తాను రాసినది పుస్తకంగా అచ్చయి రావడం ఆయన చూడలేదు. రెండేళ్ళ తర్వాత, 1838లో, శ్రీనివాస పిళ్ళె దాన్ని అచ్చు వేయించారు. స్నేహితుడి జీవిత విశేషాలు కూడా రాసి చేర్చారు. ఆయన బాల్యం గురించి మనకు తెలిసిన కబుర్లు ఆ స్నేహం వల్లే మిగిలాయి. వంద సంవత్సరాల తర్వాత పుస్తకం దొరకడం అరుదైపోతే, దిగవల్లి వేంకట శివరావు గారు శ్రద్ధగా పరిష్కరించి 1941లో మళ్ళీ వెలువరించారు. ఆ రోజుల్లో ఫలానా ఊరు ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే చరిత్రకారులు ఈ రోజుకీ ఆ పుస్తకం తెరుస్తారు.

ఏ భాషలో రాశారు?

నేను ఇంగ్లీషు మీడియం టీచర్‌ను. తరగతిలో పిల్లలు తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో చెప్పమని గుర్తుచేయడం నా ఉద్యోగంలో భాగం. మీరు ఫీజు కడుతున్నదీ చాలావరకు దానికోసమే. అందుకే వీరాస్వామయ్య జీవితంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కాశీ కాదు, ఆయన ఎంచుకున్న భాష.

ఆయనకు అన్నం పెట్టింది ఇంగ్లీషు. తండ్రి లేని పిల్లవాణ్ణి సుప్రీం కోర్టు దాకా చేర్చింది ఇంగ్లీషు. ఆయన తలుచుకుంటే దొరలు మెచ్చే ఇంగ్లీషులో రాయగలిగేవారు. పండితులు మెచ్చే గ్రాంథికంలో పద్యాలు కట్టాలని చూడవచ్చు కూడా. రెండూ కాకుండా, అప్పుడు మద్రాసులో చదువుకున్నవారు మామూలుగా మాట్లాడుకునే తెలుగులో రాశారు. అందులో హిందుస్తానీ మాటలున్నాయి, ఇంగ్లీషు మాటలున్నాయి, కచేరీ మాటలున్నాయి. వాటికి ఆయన సిగ్గుపడలేదు. వచనం అంటే పెద్దగా గౌరవం లేని కాలంలో ఒక ఉద్యోగి రాసుకున్న వచనం అది. పనికోసం ఇంగ్లీషు నేర్చుకున్నందుకు ఆయన తెలుగు తగ్గలేదు. తెలుగులో రాసినందుకు ఆయన ఇంగ్లీషు చెడిపోలేదు.

మన పిల్లలకు సెలవుల తర్వాత ప్రతి ఏడూ ఒక వ్యాసం ఇస్తాం: నా వేసవి సెలవులు. ఇంగ్లీషులో రాస్తారు. తప్పులు తక్కువే. కానీ నలభై నోటుపుస్తకాలు దిద్దితే నలభైమంది ఒకే ఊరికి వెళ్ళొచ్చినట్టుంటుంది. అమ్మమ్మ ఊరు చాలా అందంగా ఉంది, నేను చాలా ఆనందించాను. ఆ ఊరి పేరు ఉండదు, బావి ఉండదు, ఆ రోజు పడ్డ రాళ్ళవాన ఉండదు. అదే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో అడిగితే, రేకుల మీద రాళ్ళు పడ్డ చప్పుడు, కరెంటు పోయి మూడు రోజులు రాకపోవడం, తాతయ్య బర్రెను కొట్టంలోకి లాగడం, అన్నీ చెబుతాడు. చెప్పడానికి వాడి దగ్గర విషయం ఉంది. దాన్ని మొదట సొంత మాటల్లో పెట్టుకునే అవకాశమే మనం ఇవ్వడం లేదు. సొంత మాటల్లో పెట్టుకున్న విషయాన్ని ఇంగ్లీషులోకి తేవడం నేను నేర్పగలను. లేని విషయాన్ని నేర్పడం ఏ టీచర్‌కీ సాధ్యం కాదు.

మరి బండి సంగతి?

ముందుగా చట్టం మాట. గేర్లున్న మోటారు సైకిలుకు లైసెన్సు పద్దెనిమిదేళ్ళు నిండితేనే. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. 2019 సవరణ తర్వాత చట్టం ఇదే. కాబట్టి మన స్కూల్ పిల్లలకు బండి ఇవ్వడం అనే ప్రశ్నే లేదు. తాళం ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి.

అయితే ప్రయాణం వద్దని నేను చెప్పను. మీరు తీసుకెళ్ళండి. నాన్న బండి వెనక కూర్చుని, తలకు సరిపోయే హెల్మెట్ పెట్టుకుని, ఉదయం ఐదింటికి బయలుదేరితే పదింటికల్లా నిర్మల్ దాటవచ్చు. ఎండ ముదిరాక నీడన ఆగండి. నాలుగు దాటాక ఆకాశం చూడండి. ఉత్తరాన మబ్బు పట్టి గాలి మారితే ఆ రోజుకు ప్రయాణం అక్కడితో చాలు. ఉరుములు మొదలైతే చెట్టు కింద నిలబడొద్దు, పక్కా కట్టడంలోకి వెళ్ళండి. డేరా వేయాలని పిల్లలు పట్టుబడితే మొదటి రాత్రి అమ్మమ్మ ఇంటి వాకిట్లోనో, మీ పొలం దగ్గర మెరక మీదనో వేయించండి. అడవిలో అనుమతి లేకుండా వద్దు, వాగు ఒడ్డున అసలే వద్దు. కుంటాల జలపాతం వేసవిలో సన్నగా ఉంటుంది, వానాకాలంలో పొంగుతుంది. ఏ కాలమైనా గుండంలో దిగనివ్వకండి. నేరుగా పది మందిని అడిగి దారి తెలుసుకోవడం, నీళ్ళు ఎక్కడున్నాయో ముందే కనుక్కోవడం, తొందరపడకపోవడం వీరాస్వామయ్య కాలంలో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం.

పిల్లల చేతికి ఇరవై రూపాయల నోటుపుస్తకం ఒకటి ఇవ్వండి. ఆగిన ప్రతి చోటా ఐదు సంగతులు రాయమనండి: ఊరి పేరు, ఎంత దూరం వచ్చాం, నీళ్ళు ఎక్కడివి, ఆకాశం ఎలా ఉంది, అక్కడ ఎవరు ఏం మాట్లాడారు. తెలుగులో రాయమనండి. ఇంట్లో మరాఠీ, ఉర్దూ, గోండి మాట్లాడే పిల్లలైతే ఆ మాటలనే తెలుగు అక్షరాల్లో పెట్టుకోనివ్వండి. అక్షర దోషాలు దిద్దకండి. ఎక్కడికీ వెళ్ళే వీలు లేనివారు కూడా ఉంటారు. వాళ్ళు రోజూ సాయంత్రం మేడ మీద నిలబడి ఆ రోజు ఎండ, గాలి, వాన గురించి నాలుగు వాక్యాలు రాసినా చాలు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఆ పుస్తకాలను తెమ్మనండి. ముందు తెలుగులో చదివించుకుంటాం, ఆ తర్వాత వాటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కలిసి నేర్చుకుంటాం. మంచివాటిని ఈ పత్రికలో రెండు భాషల్లోనూ వేయాలని మా ఆలోచన.